ఏటి పేరు, ఏటి కథ: తెలుగునాట వాగుల నామవ్యుత్పత్తి – ఒక పరిశీలన

తెలుగులో స్థలనామ పరిశోధన ప్రధానంగా ఊళ్ల చుట్టూ తిరిగింది. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్లపై చేసిన కృషి మొదలుకొని ఆ మార్గంలో వచ్చిన పరిశోధనలు పూర్వపద, ఉత్తరపద విభజనకు ఒక పద్ధతిని సమకూర్చాయి. వాగులకు, వంకలకు ఆ భాగ్యం పెద్దగా దక్కలేదు. ఊరికి శాసనం ఉంటుంది, కైఫియతు ఉంటుంది, శిస్తు లెక్క ఉంటుంది. వాగు మాత్రం ఆ పత్రాల్లో పొలిమేర చెప్పవలసిన చోట మాత్రమే కనిపించి, ఆ పని తీరగానే మరుగవుతుంది. అందువల్ల వాగు పేరు ఎలా పుట్టిందని అడిగితే పత్రం బదులు కథ ఎదురవుతుంది. ఆ కథలను పండితులు రెండు విధాలుగా చూశారు. స్థలపురాణకర్తలు వాటినే వ్యుత్పత్తిగా స్వీకరించారు. భాషాశాస్త్రవేత్తలు జానపద నిరుక్తి అనే మాటతో వాటిని పక్కకు నెట్టారు. రెండు చోట్లా లోపించింది ఒకటే: పేరు ఎలా ఏర్పడిందన్న ప్రశ్ననూ, ఆ పేరుకు కథ ఎందుకు అవసరమైందన్న ప్రశ్ననూ విడదీసి చూడటం. మొదటిది భాషాచరిత్రకు చెందినది. రెండవది సాహిత్య విమర్శకు చెందినది. కొన్ని ప్రసిద్ధమైన పేర్లను ఈ రెండు ప్రశ్నల ముందు నిలిపితే కథ పేరుకు మూలం కాదని, పేరులోని మాట మసకబారిన చోట కథ మొలకెత్తుతుందని తెలుస్తుంది.

మాట మసకబారడం ఎలాంటిదో తెలుసుకోవడానికి సామాన్య నామాలను చూడాలి. పారే చిన్న నీటికి తెలుగులో ఒకే పేరు లేదు. తెలంగాణలోను, కోస్తాలో చాలా భాగంలోను వాగు, రాయలసీమలో వంక, ఉత్తరాంధ్రలో గెడ్డ, తెలంగాణ పల్లెల్లో వాగు కంటె చిన్నది ఒర్రె. వీటన్నిటి కంటె పాతదిగా కనిపించేది ఏఱు. తమిళంలోని యాఱు, ఆఱు దీనికి జ్ఞాతులు. పాలేరు, ఆలేరు, మున్నేరు, మానేరు, బుడమేరు, తమ్మిలేరు, సగిలేరు, వక్కిలేరు వంటి పేర్లలో ఈ పదమే తుదిని నిలిచి ఉంది. అయితే నేటి వాడుకలో మున్నేరు వాగు, బుడమేరు వాగు, పాలేరు నది అనే ప్రయోగాలు సర్వసాధారణం. చంద్రవంక కూడా చంద్రవంక వాగు అయింది. ఒకే అర్థం గల రెండు పదాలు పక్కపక్కనే చేరాయంటే మొదటి పదం అర్థం వక్తకు అందడం లేదన్నమాట. ఏరు అనే మాట సామెతల్లో, పాటల్లో బతికే ఉన్నా, పేరు చివర చేరిన చోట ప్రత్యయం స్థాయికి దిగిపోయింది. పేరు విడదీయరాని ముద్ద అయినప్పుడు దానికి వివరణ కావలసి వస్తుంది.

అర్థం స్పష్టంగా ఉన్న పేర్లకు కథలు తక్కువగా ఉండటం ఇందుకు ఎదురు సాక్ష్యం. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరుకు ఏ మునీశ్వరుడూ శాపం పెట్టలేదు. ఉప్పు, ఏరు అనే పదాల నడుమ చేరిన టుగాగమం, నిలువుటద్దంలో వలెనే, సమాసాన్ని నేటికీ విప్పి చూపుతున్నది. ఎర్రకాలువ ఎర్రనీటి కాలువ. విజయనగరం ప్రాంతంలోని వట్టిగెడ్డ పేరులోనే దాని వేసవి రూపం ఉంది. పల్నాడులో ఎత్తిపోతల జలపాతానికి నీరు తెచ్చే మూడు పాయలలో రెండు నక్కల వాగు, తుమ్మల వాగు. వాటి పేర్లకు వివరణ ఎవరూ అడగరు. మూడవదైన చంద్రవంకలో మాత్రం శ్లేష ఉంది. వంక అంటే వాగు, వంక అంటే వంపు కూడా, నెలవంక చంద్రవంకే. ఆ పేరు పెట్టినవారి మనస్సులో ఏ అర్థం ముందు మెదిలిందో నిర్ణయించడం అనవసరం. మాచెర్ల దగ్గర వంపు తిరిగి పారే నీటికి రెండూ సరిపోతాయి.

వాగు అనే మాట విషయంలో ఒక చిన్న సంగతి ప్రస్తావించాలి. తెలుగులో వాగు అనే నామమూ, వాగు అనే క్రియా ఒకే రూపంలో ఉన్నాయి. అవి రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయా అన్నది వేరే చర్చ. కానీ సంస్కృతంలో నదీ శబ్దాన్ని ధ్వని చేయడమనే అర్థం గల నద ధాతువుతో నిరుక్తకారుడు ముడిపెట్టినట్టే, తెలుగువాడి చెవి వాగును వాగుడుతో ముడిపెట్టింది. పేరును ధ్వనిని బట్టి వివరించే అలవాటు పల్లెవాసులది మాత్రమే కాదని, శాస్త్రమూ అదే దారిలో నడిచిందని చెప్పడానికి ఇది చాలు. జానపద నిరుక్తి అని చిన్నచూపు చూసేవారు యాస్కుని సంగతి మరిచిపోరాదు.

ధ్వని మీద నడిచిన వివరణకు సంస్కృతీకరణ రూపంలో లభించే మేలైన ఉదాహరణ శ్రీకాళహస్తి పక్కన పారే ఏరు. దాని తెలుగు పేరు మొగలేరు. మొగలి ఏటి ఒడ్డున పెరిగే పొద; పేరు పారదర్శకం. తమిళంలో పెరియపురాణం కణ్ణప్ప చరిత్రలో దీన్ని పొన్ముగలి అన్నది. మొగలి పొదను తమిళంలో తాళై అంటారు. కాబట్టి ముగలి అనే శబ్దానికి తమిళంలో ఆ పొద అర్థం లేదు. అది ఆ ఒడ్డున వినిపించిన తెలుగు పేరు అనుకోవడమే సబబు. ముందు చేరిన పొన్ అంటే బంగారం. ఇక సంస్కృత నామం సువర్ణముఖరి. పొన్ అనే భాగం సువర్ణగా అనువాదమైంది. ముగలి అనే భాగం అర్థం అందక ముఖరి అనే శబ్దసామ్యంతో సరిపెట్టుకుంది. ఒకే పేరులో సగం అనువాదం, సగం ప్రతిధ్వని. ముఖరి అంటే సవ్వడి చేసేది కనుక ఏటికి అదీ నప్పింది. తరువాత వాడుకలో ముఖరి కాస్తా ముఖిగా మారి, సవ్వడి పోయి, బంగారు మోము గల స్త్రీ మిగిలింది. ఆలయ నిర్మాణంలో పనిచేసినవారు ఏటి ఇసుకను పిడికిట పట్టుకుంటే చేసిన పనికి తగినంత బంగారంగా మారేదనే కథ ఈ చివరి మెట్టు మీద నిలబడింది. అందులో మొగలి పొద లేదు. ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే కథ తెలుగు పేరును వివరించడం లేదు. అనువాదానికి అనువాదమైన పేరును వివరిస్తున్నది. ఇంత అందమైన కథకు అంత మామూలు పొద కారణమని తెలియడం వల్ల కథకు నష్టమేమీ లేదు గాని, ఏటికి ఒక ఆనవాలు తిరిగి దక్కుతుంది.

ఈ సంస్కృత నామాలకు మరో లక్షణం ఉంది. సువర్ణముఖి మరొకటి ఉత్తరాంధ్రలో ఉండి నాగావళిలో కలుస్తుంది. అక్కడ పొన్ముగలి అనే తమిళ రూపానికి తావే లేదు. బాహుద కూడా అంతే: ఒకటి రాజంపేట ప్రాంతానిది, మరొకటి ఇచ్ఛాపురం పక్కన పారేది. తెలుగు పేర్లూ పునరావృతమవుతాయి. పాలేరు ఖమ్మంలో ఉంది, ప్రకాశంలో ఉంది. పెద్దవాగులు లెక్కకు మిక్కిలి. కానీ ఈ రెండు పునరావృత్తుల స్వభావం వేరు. పెద్దవాగు చాలాచోట్ల ఉండటానికి కారణం పెద్ద వాగులు చాలాచోట్ల ఉండటమే. బాహుద రెండు చోట్ల ఉండటానికి కారణం మహాభారతం రెండు చోట్లా చదవబడటం. ఒకటి నీటిని చూసి పెట్టిన పేరు, ఒకటి గ్రంథం నుంచి ఆరోపించిన పేరు.

బాహుద అనే సంస్కృత నామం చెయ్యేరుకు ఎలా అతికిందో కొంత నిదానంగా చూడదగినది. శాంతిపర్వంలో శంఖలిఖితుల ఉపాఖ్యానం ఉంది. లిఖితుడు అన్న ఆశ్రమంలోని పండ్లను అడగకుండా తిన్నాడు. అది దొంగతనమని అన్న చెప్పగా సుద్యుమ్న మహారాజు వద్దకు వెళ్లి తానే దండన కోరుకున్నాడు. రాజు చేతులు నరికించాడు. అన్న ఆజ్ఞపై బాహుదా నదిలో మునిగి తర్పణం చేయబోగా చేతులు మళ్లీ మొలిచాయి. బాహువులను ఇచ్చినది బాహుద. చెయ్యినిచ్చిన ఏరు చెయ్యేరు. తెలుగు, సంస్కృతం ఒకదానికొకటి అద్దంలా అమరాయి. అదే ఒడ్డున అత్తిరాలలో పరశురాముని మాతృహత్యా పాతకం రాలిపోయిందని, హత్య రాలిన చోటు గనుక హత్యరాల అయి అత్తిరాలగా మారిందని చెబుతారు. ఒక దోషికి చేతులు వచ్చాయి, మరొక దోషికి పాపం పోయింది. తప్పు చేసినవాడిని మళ్లీ మనుషుల్లో కలిపే చోటుగా ఈ ఒడ్డును ఊహించిన ఒక సంప్రదాయం ఈ రెండు నిరుక్తుల వెనుక ఉన్నట్టు తోస్తుంది.

భాషాపరంగా ఈ వ్యుత్పత్తి నిలుస్తుందా? చెయ్యి ఔపవిభక్తికం, షష్ఠీ సమాసంలో చేతి అనే రూపం రావాలి గనుక చేతేరు కావలసిందని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణకు బలం తక్కువ. చేవ్రాలు, చేబదులు, చేయూత వంటి పాత సమాసాల్లో చే, చేయి అనే రూపాలే ఉన్నాయి. వ్యాకరణం ఇక్కడ కథను కాదనడం లేదు. కాదనేది అర్థసరళి. ఏరు చివర గల పేర్లలో అర్థం తెలిసినంతవరకు పూర్వపదం కంటికి కనిపించేదో నాలుకకు తెలిసేదో అయి ఉంటుంది: పాలు, ఉప్పు, మొగలి, నాగులు, బుడమ. జరిగిన సంఘటనను పూర్వపదంగా నిలిపే పద్ధతి వీటిలో కనిపించదు. తమిళనాట తిరువణ్ణామలై ప్రాంతంలో చెయ్యారు అనే ఏరు ఉండటం, దాని కథ పూర్తిగా వేరు కావడం ఈ అనుమానాన్ని పెంచుతుంది. అక్కడ సేయ్ అంటే బిడ్డ. పార్వతి కోరగా బాలుడైన కుమారస్వామి ఈటెతో పుట్టించిన ఏరు గనుక ఆ పేరు వచ్చిందంటారు. ఒకే శబ్దాన్ని తెలుగు చెవి చెయ్యిగా విన్నది, తమిళ చెవి బిడ్డగా విన్నది. తమిళంలో సెయ్య అంటే ఎర్రని అనే అర్థమూ ఉంది. చెంగలువ, చెందామరలలో తెలుగు చెం కూడా ఆ కుదురుదే. వరదలో ఎర్రబారే నీరు రెండు ఏర్ల పేర్లకూ మూలమై ఉండవచ్చు. ఇది ఊహే. అయినా ఎర్రకాలువల, ఎర్రవాగుల నేలలో ఇది చేతి కథ కంటె దగ్గరి ఊహ.

ఇంతవరకు కథ గ్రంథం నుంచి ఏటికి వచ్చింది. ములుగు జిల్లా మేడారంలోని జంపన్న వాగు విషయంలో దారి వేరు. కప్పం కట్టలేదన్న కారణంతో దండెత్తిన కాకతీయ సేనలతో పోరులో సమ్మక్క కొడుకు జంపన్న గాయపడి సంపెంగ వాగులో పడి మరణించాడని, అప్పటినుంచి అది జంపన్న వాగు అయిందని కోయల సంప్రదాయం. రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే జాతరలో భక్తులు మొదట ఈ వాగులో మునిగి గద్దెల వద్దకు నడుస్తారు. సంపెంగ, జంపన్న అనే మాటల పోలిక చూడగానే భాషాశాస్త్రజ్ఞుని అనుమానం మేలుకొంటుంది. చంపకం తెలుగులో సంపెంగ అయింది. చ, స, జ ల మధ్య రాకపోకలు కొత్తవి కావు. ఒక పేరు రెండవదానిగా మారిందని, వీరుని కథ తరువాత అల్లబడిందని తేల్చడం సులభం. కానీ సంపెంగ చివరి ఙ్గ ధ్వని న్న గా మారడానికి తెలుగులో క్రమబద్ధమైన ఆధారం లేదు. పోలిక జ్ఞాపకానికి తోడ్పడిందేమో గాని, ఉత్పత్తికి చాలదు.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ఈ కథ పాత పేరును దాచుకున్నది. సువర్ణముఖి కథ మొగలిని తుడిచేసింది. జంపన్న కథ సంపెంగను ప్రతి కథనంలోనూ మళ్లీ పలుకుతుంది. పాత పేరు చెప్పకపోతే పేరు మారిందని చెప్పడం కుదరదు, పేరు మారిందని చెప్పకపోతే వీరుడు అక్కడ పడ్డాడన్న హక్కు నిలవదు. నీటిపై ఒక జాతి చేసుకున్న దావా ఇది. పూలపేరు గల వాగు ఎవరిదైనా కావచ్చు. జంపన్న వాగు మాత్రం అతని వారిది. ఓడినవారి పక్షాన శాసనం వేయించేవారు లేరు. ఏటి పేరే శాసనమైంది. జానపద నిరుక్తి అన్న ముద్ర వేసి ఈ కథను పక్కన పెట్టే పరిశోధన దీన్ని చదవనే లేదు. కథలోని యుద్ధం ఎప్పుడు, ఎలా జరిగిందన్నది చరిత్రకారుల పని. పేరు ఎందుకు మార్చవలసి వచ్చిందన్నది విమర్శకుని పని.

ఏరు స్త్రీగా ఎలా మారుతుందన్న ప్రశ్నకు తెలుగు వ్యాకరణం ఒక విచిత్రమైన వెసులుబాటు ఇస్తుంది. ఏరు, వాగు, వంక అన్నీ అమహత్తులు. సంస్కృత నదీనామాలు స్త్రీలింగాలు. అయినా ఏకవచన క్రియలో తేడా కనబడదు: వాగు వచ్చింది, అమ్మ వచ్చింది. ఒక వాక్యం నుంచి మరొక వాక్యానికి నడిచేసరికి నీరు ఇల్లాలు కావడానికి భాష అడ్డు చెప్పదు. గుండ్లకమ్మ ఈ సందిగ్ధానికి నిలువెత్తు ఉదాహరణ. నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టే ఈ నదికి సంస్కృతంలో బ్రహ్మకుండి అని పేరు. తెలుగు పేరును గుండ్లక, అమ్మ అని విడదీస్తే దేవత. గుండ్ల, కమ్మ అని విడదీస్తే రాళ్ల నేలా, ప్రాచీన శాసనాల్లోని కమ్మరాష్ట్రమూ గుర్తుకు వస్తాయి. గుండు శబ్దపు బహువచన ఔపవిభక్తికం గుండ్ల అన్నది నియతం; గుండ్లక అనే రూపానికి ఆధారం లేదు. వ్యాకరణం రెండవ విభజన వైపు మొగ్గుతుంది. ఒడ్డున పసుపు కుంకుమ వేసేవారు మొదటి విభజనతోనే ఉంటారు. వారికి నది పేరు చివర వినిపించేది అమ్మే.

కిన్నెరసాని విషయంలో ఆ సందిగ్ధం లేదు. సాని అంటే స్వామిని, దొరసానిలోని సాని. ఏటికి ఆ పేరు పెట్టినవారే దాన్ని స్త్రీగా చూశారు. పాల్వంచ అడవుల గుండా వచ్చి గోదావరిలో కలిసే ఈ వాగుకు విశ్వనాథ సత్యనారాయణ కిన్నెరసాని పాటలు రాసి ఒక కుటుంబ కథను ఇచ్చాడు: అత్త ఆరళ్లకు తాళలేక అడవికి వచ్చిన కోడలు నీరై పోవడం, వెంట వచ్చిన భర్త రాయి కావడం. నేడు చాలామంది చదువరులకు కిన్నెరసాని పుట్టుక ఇదే. కవి కల్పన స్థలపురాణం స్థానంలోకి ఎంత త్వరగా చేరగలదో ఇక్కడ కళ్లముందే కనిపిస్తుంది. అయితే ఆ కల్పన గాలిలో పుట్టలేదు. కిన్నెర వాద్యం గనుక కావ్యంలో ఏటి నడక సంగీతమైంది; సాని ఇల్లాలు గనుక ఆ సంగీతానికి దుఃఖం వచ్చింది. పేరులోని రెండు పదాలనూ వదలకుండా, ఒకదానికి మించి మరొకదానికి బరువు ఇవ్వకుండా చదివిన వ్యాఖ్యానమది. స్థలపురాణాలు తరచు పేరులో సగమే వింటాయి. ఆ కొలతతో చూస్తే విశ్వనాథ పాటలు నామవ్యాఖ్యానంగా కూడా మెరుగైనవి.

ఒకే నీటికి ఇద్దరు రెండు చెవులతో వినడం మూసీలో జరిగింది. అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నదికి భాగవతంలోని ముచికుందుని పేరు కలిపి ముచికుందా నది అన్నారు. ఆ కొండల్లోనే ఆ రాజు నిద్రించాడని స్థానిక విశ్వాసం. హైదరాబాదు దగ్గర దీనిలో కలిసే పాయ ఈసా కావడంతో మూసా, ఈసా అనే జంట కుదిరింది. మోషే, యేసు ప్రవక్తలకు ఉర్దూలో ఉన్న పేర్లవి. మూసా మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసా మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. రెండు నిరుక్తులూ నగరంలో పోట్లాట లేకుండా పక్కపక్కన బతికాయి. అయితే రెండింటినీ పరీక్షించే మూడవ సాక్షి ప్రకాశం జిల్లాలో ఉంది. అక్కడా ముసి అనే ఏరు ఉంది. దానికి ఈసా తోడు లేదు, అనంతగిరి గుహ లేదు. ఆ ముసిని పక్కన పెట్టి హైదరాబాదు మూసీని వివరించే వాదం ఏదైనా సగం వాదమే. నామవ్యుత్పత్తి చెప్పేవారు ఒకే పేరు గల మరో ఏటిని ముందుగా వెతకాలన్న నియమం పాటిస్తే, ప్రచారంలో ఉన్న వ్యుత్పత్తులు చాలా వరకు అక్కడే ఆగుతాయి.

ఈ వెతుకులాటకు ఆధారం నానాటికి సన్నగిల్లుతున్నది. గ్రామ లెక్కల్లో వాగు చాలావరకు వాగు పోరంబోకు అన్న తరగతిగానే మిగిలింది. పేరు రాయవలసిన అవసరం గడికి లేదు. నగరంలోకి వచ్చిన వాగు నాలా అవుతుంది, నాలాకు అది దాటే పేట పేరు తగిలిస్తారు. పటాల్లో ఆంగ్ల లిపి నుంచి తిరిగి తెలుగులోకి వచ్చిన పేర్లు దీర్ఘాలను, శకటరేఫలను పోగొట్టుకుంటాయి. అయితే పటం కంటె నమ్మకమైన సాక్ష్యం ఒకటి ఇంకా నాలుకల మీద ఉంది. ఒడ్డు ఊళ్లలో పెద్దవారు మున్నేటికి నీళ్లొచ్చాయంటారు, పాలేటి ఒడ్డు అంటారు. ఏఱుకు ఏటి కావడం తెలిసినవారి మాట అది. వారికి పేరు ఇంకా రెండు పదాలే. వార్తాపత్రికలు మున్నేరుకు వరద అని రాస్తాయి. ఔపవిభక్తికం వీడిన ఆ రూపంలో ఏరు లేదు, మున్నేరు అనే ముద్ద మాత్రమే ఉంది. ఏ ఒడ్డున ఏ తరం దాకా ఏటి అనే రూపం పలుకుబడిలో ఉన్నదో ఊరూరా నమోదు చేస్తే, ఏ పేరు ఎక్కడ మసకబారిందో, కథ ఎక్కడ మొదలైందో కాలక్రమంలో పెట్టడానికి వీలవుతుంది. ఆ నమోదు ఊళ్ల పేర్ల పట్టికల కంటె ముందు జరగవలసినది, ఎందుకంటే ఊళ్ల పేర్లకు కాగితం ఉంది.